చిరాగ్‌పల్లి దాకా నడిచొచ్చిన బార్డర్: ఒక షోలాపూర్ దుప్పటి నేర్పే ఎకనామిక్స్

ఈరోజు ఎపిసోడ్‌కి పుస్తకం, పెన్ను ఏమీ అక్కర్లేదు. ఒక్కసారి ఇంట్లో బీరువా తెరవండి. పై అరలో ఎవరి పెళ్ళిలోనో పెట్టుడు కింద వచ్చిన దుప్పటి ఒకటి ఉంటుంది. మందంగా, బరువుగా, ఎన్నిసార్లు ఉతికినా చిరగకుండా. అదే షోలాపూర్ దుప్పటి, మన దిక్కు చాలా ఇళ్లల్లో 'షోలాపూర్ చద్దర్' అంటారు. అమ్మ దాన్ని చుట్టాలొచ్చినప్పుడు తప్ప బయటికి తియ్యదు. ఈరోజు మన టీచర్ ఆ దుప్పటే.

బీటెక్ చేసినవాళ్ళకి 'మెఫా' గుర్తుండే ఉంటుంది. మేనేజీరియల్ ఎకనామిక్స్ అని ఒక సబ్జెక్ట్. పరీక్ష ముందు రాత్రి డిమాండ్ కర్వ్ ఒకటి, బ్రేక్ ఈవెన్ గ్రాఫ్ ఒకటి గీయడం నేర్చుకుని పాసైపోయాం. ఆ గీతలకీ మన బతుకుకీ ఏం సంబంధమో అప్పుడు ఎవ్వరం అడగలేదు. నాకు ఆ సంబంధం అర్థమైంది క్లాస్‌రూమ్‌లో కాదు, హైవే పక్కన. ఆ హైవే పక్క ఊరి పేరు చిరాగ్‌పల్లి.

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ దాటి, ముంబై రోడ్డు మీద పోతూ ఉంటే తెలంగాణ అయిపోయే చోటు ఇది. కొంచెం ముందుకెళ్తే కర్ణాటక, బీదర్ జిల్లా, హుమ్నాబాద్ వైపు. మచిలీపట్నం నుంచి హైదరాబాద్, షోలాపూర్ మీదుగా పుణె దాకా పోయే నేషనల్ హైవే 65 ఇదే. పాతవాళ్ళు ఇంకా 'నంబర్ నైన్' అంటారు. లారీ డ్రైవర్లను అడిగితే చిరాగ్‌పల్లి అంటే వాళ్ళకి ఊరు కాదు, చెక్‌పోస్ట్. ఎన్నో ఏళ్ళు ఈ పేరు వింటే వాళ్ళకి గుర్తొచ్చింది ఒక్కటే: లైన్.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ బార్డర్ ఇక్కడ ఎప్పటి నుంచి ఉంది? తరతరాల నుంచి అనుకుంటాం కదా. కాదు. ఈ బార్డర్ వేరే చోట పుట్టి ఇక్కడికి నడుచుకుంటూ వచ్చింది.

ఒక ఎనభై, తొంభై ఏళ్ళు వెనక్కి పోదాం. నిజాం కాలం. షోలాపూర్‌లో మగ్గం మీద ఒక దుప్పటి తయారైంది. నేసింది ఎవరు? చాలావరకు మనవాళ్ళే. తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీలు షోలాపూర్ చేనేతకి వెన్నెముక. ఇప్పటికీ ఆ ఊళ్ళో కొన్ని పేటల్లో తెలుగు వినపడుతుంది. సరే, ఆ దుప్పటి హైదరాబాద్ బజారుకి రావాలి. షోలాపూర్ బ్రిటిష్ వాళ్ళ బొంబాయి ప్రెసిడెన్సీలో ఉంది. హైదరాబాద్ నిజాం రాజ్యం. బార్డర్ ఎక్కడ? చిరాగ్‌పల్లి దగ్గర కాదు. ఇక్కడి నుంచి చాలా దూరం పడమరకి, షోలాపూర్‌కీ నల్దుర్గ్‌కీ నడుమ. నల్దుర్గ్ అప్పుడు నిజాం రాజ్యంలోనే ఉంది.

ఆ బార్డర్ దగ్గర ఒక నాకా. నిజాం రాజ్యంలో ఈ కస్టమ్స్ శాఖ పేరు 'కరోడ్‌గిరి'. 1802లో నిజాంకీ ఈస్ట్ ఇండియా కంపెనీకీ మధ్య ఒక వాణిజ్య ఒప్పందం జరిగింది. సరుకు విలువలో 5 శాతం సుంకం అన్న లెక్క అందులోదే. ఆ తర్వాత ఎన్నో తరాలు ఆ ఐదు శాతమే మామూలు లెక్కగా నడిచింది.

ఇంకో తమాషా ఉంది. పైసలు కూడా మారిపోతాయి. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది. దాన్ని ఉస్మానియా సిక్కా లేదా 'హాలీ' అనేవాళ్ళు. బ్రిటిష్ ఇండియా రూపాయిని 'కల్దార్' అనేవాళ్ళు, అంటే మిషన్ మీద కొట్టిన నాణెం అని. లెక్క ఏంటంటే 100 కల్దార్ రూపాయలకి 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. భయపడకండి, సులువుగా చెప్తా: 6 కల్దార్ ఇస్తే 7 హాలీ.

ఇప్పుడు మన దుప్పటి షోలాపూర్‌లో 6 కల్దార్ రూపాయలు అనుకుందాం. బార్డర్ దాటగానే అది 7 హాలీ రూపాయలు అయిపోయింది. దుప్పటి పెరగలేదు, నూలు పెరగలేదు, కొలిచే బద్ద మారింది అంతే. అమెరికాలో ఉన్న మీ ఫ్రెండ్ జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసి కుళ్ళుకుంటాం కదా, అదే ఇది. ఎకనామిక్స్‌లో దీన్నే మారకం రేటు అంటారు. కానీ 5 శాతం సుంకం అట్లా కాదు. 7 రూపాయల మీద ఐదు శాతం అంటే దాదాపు ఐదున్నర అణాలు. అది కొలబద్ద మార్పు కాదు, నిజంగా జేబులోంచి పోయిన డబ్బు. మొదటి పాఠం ఇదే: అంకె మారడం వేరు, ధర మారడం వేరు. వార్తల్లో రూపాయి పడింది, పెరిగింది అన్నప్పుడల్లా ఈ రెండింట్లో ఏది జరుగుతుందో అడగండి.

అప్పుడు చిరాగ్‌పల్లి పరిస్థితి ఏంటి? ఏమీ లేదు. ఇటు జహీరాబాద్, అటు హుమ్నాబాద్, రెండూ హైదరాబాద్ రాజ్యమే. అంతేకాదు, రెండూ ఒకే జిల్లా! జహీరాబాద్ తాలూకా అప్పుడు బీదర్ జిల్లాలో ఉండేది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ అన్నీ కలిసి నడిచే ప్రాంతం. ఇక్కడి పిల్లని అటిచ్చారు, అటు పిల్లని ఇటు తెచ్చుకున్నారు. అంగడికి పోయే మనిషి దారిలో ఆగి కాగితం చూపించాల్సిన పని లేదు.

1948లో హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలిసింది. 1950లో రాజ్యాంగం వచ్చింది. దాంట్లో 301వ అధికరణం దేశం లోపల వ్యాపారం, రాకపోకలు స్వేచ్ఛగా సాగాలి అంటుంది. పాత సంస్థానాల లోపలి కస్టమ్స్ నాకాలు క్రమంగా పోయాయి. హాలీ రూపాయి కూడా 1950ల చివరికల్లా చరిత్రలో కలిసిపోయింది. అంటే షోలాపూర్ దగ్గరున్న పాత గోడ పడిపోయింది. అంతా అయిపోయింది అనుకుంటాం కదా. కాలేదు.

1956 నవంబర్ 1. భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడ్డాయి. హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. బీదర్ జిల్లాని కూడా పంచారు. కన్నడ భాగం మైసూర్ రాష్ట్రంలోకి, మరాఠీ తాలూకాలు బొంబాయి రాష్ట్రంలోకి. నిర్ణా సర్కిల్ తప్ప మిగిలిన జహీరాబాద్ తాలూకా, నారాయణఖేడ్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ మెదక్ జిల్లాకి వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఒక్క రోజులో, ఒకే జిల్లా నడుమ రాష్ట్రాల సరిహద్దు. షోలాపూర్ దగ్గరున్న బార్డర్ నడుచుకుంటూ చిరాగ్‌పల్లికి వచ్చింది అని నేనన్నది ఇందుకే. ఆ తర్వాత మైసూర్ 1973లో కర్ణాటక అయింది. 2014లో ఇటువైపు ఆంధ్రప్రదేశ్ పోయి తెలంగాణ అయింది. బోర్డు మీద పేర్లు మారాయి కానీ గీత అక్కడే ఉంది.

గీత ఉంటే ఏమైతుంది, అది మ్యాప్‌లో కదా అంటారా? ఆ గీతకి ఒక్కో వైపు ఒక్కో ఖజానా ఉంది. ఖజానా ఉంటే పన్ను ఉంటుంది. అమ్మకం పన్ను వేసే అధికారం రాష్ట్రాలది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మితే ఏం చెయ్యాలి? దాని కోసం 1956లోనే సెంట్రల్ సేల్స్ ట్యాక్స్ చట్టం వచ్చింది, సీఎస్టీ అంటాం. సరుకు ఎక్కడి నుంచి బయల్దేరిందో ఆ రాష్ట్రం ఆ పన్ను వసూలు చేసుకుంటుంది. సరుకు వచ్చి అమ్ముడైన రాష్ట్రం మళ్ళీ తన పన్ను వేసుకుంటుంది.

బట్టల పన్ను లెక్కలు అప్పట్లో వేరేగా ఉండేవి. అందుకని కాసేపు దుప్పటిని పక్కన పెట్టి అదే లారీలో ఉన్న మిక్సీని తీసుకుందాం. మహారాష్ట్రలో వ్యాపారి దాన్ని 1000 రూపాయలకి హైదరాబాద్ షాపుకి అమ్మాడు. జీఎస్టీకి ముందు చివరి సంవత్సరాల్లో సీఎస్టీ 2 శాతం. 20 రూపాయలు అక్కడే పోయింది. షాపు ఓనర్‌కి మిక్సీ 1020కి పడింది. లాభం పక్కన పెట్టండి. ఇక్కడ వ్యాట్ సాధారణ రేటు 14.5 శాతం. అది 1000 మీద కాదు, 1020 మీద పడుతుంది. అంటే 20 రూపాయల పన్ను మీద మళ్ళీ రెండు రూపాయల తొంభై పైసల పన్ను. మిక్సీ కొన్న అమ్మకి ఇది బిల్లులో ఎక్కడా కనపడదు. రెండో పాఠం: పన్ను మీద పన్ను పడితే అది ధరలో దాక్కుంటుంది, మనం దాన్ని 'రేట్లు పెరిగినయ్' అంటాం.

మరి చెక్‌పోస్ట్ ఎందుకు? రాష్ట్రానికి ఒక భయం. లారీ లోపలికి వచ్చింది, సరుకు ఎక్కడో దించేసి లెక్కలో చూపించకుండా అమ్మేస్తే నా పన్ను పోతుంది కదా? అందుకే బార్డర్‌లో ప్రతి లారీని ఆపాలి, వే బిల్లు చూడాలి, సీల్ వెయ్యాలి, పుస్తకంలో రాయాలి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక్క మాటలో చెప్తా: చెక్‌పోస్ట్ అంటే సింక్రనస్ కాల్. రెస్పాన్స్ వచ్చేదాకా ప్రోగ్రామ్ ముందుకు కదలదు. ఇక్కడ ప్రోగ్రామ్ అంటే పది టైర్ల లారీ, లోపల డ్రైవర్, క్లీనర్.

ఇప్పుడు దుప్పటి దగ్గరికి మళ్ళీ వద్దాం. దాని కాగితాలు పక్కాగా ఉన్నాయి. కానీ ముందున్న లారీ కాగితాల్లో ఏదో తేడా ఉంది. అది కదలకపోతే ఇది కదలదు. జహీరాబాద్ అల్లం వేసుకుని అటు పోయే లారీ కూడా ఎదురు లైన్‌లో అట్లనే నిలబడుతుంది. ఎవరి తప్పుకో ఇంకొకళ్ళు మూల్యం కట్టడాన్ని ఎకనామిక్స్‌లో ఎక్స్‌టర్నాలిటీ అంటారు. పేరు పెద్దది కానీ విషయం చిన్నది: లిఫ్ట్ తలుపు పట్టుకుని ఒకడు ఫోన్‌లో మాట్లాడుతుంటే పైన ఆరో అంతస్తులో మీరు నిలబడ్డారు చూడండి, అదే.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. ఈ అంకెలు నేను ఉదాహరణకి అనుకుంటున్నవి మాత్రమే. రోజుకి 300 లారీలు, ఒక్కొక్కటి 4 గంటలు ఆగింది. లారీ ఆగి ఉన్నా ఈఎంఐ ఆగదు, ఇన్సూరెన్స్ ఆగదు, డ్రైవర్ బత్తా ఆగదు. గంటకి 150 రూపాయలు అనుకోండి. ఒక లారీకి 600. మొత్తం రోజుకి 1,80,000 రూపాయలు. ఈ డబ్బు ప్రభుత్వానికి రాలేదు, వ్యాపారికి రాలేదు, ఎవ్వరికీ రాలేదు. గాల్లో కలిసిపోయింది. పన్ను అయితే కనీసం రోడ్డో, బడో అయ్యేది. మూడో పాఠం: పన్ను ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పోతుంది, ఎదురుచూపు మాత్రం ఏ జేబులోకీ పోదు.

కానీ ఆగండి. ఒకరికి మాత్రం వచ్చింది. రోడ్డు పక్కన చాయ్ బండి అన్నకి. 300 లారీలు, ఒక్కో లారీకి చాయ్, బిస్కెట్, మిర్చి బజ్జీ కలిపి 40 రూపాయలు. 12,000 రూపాయల గిరాకీ. పది బండ్లు పంచుకుంటే బండికి 1200. ఇంకా పంక్చర్ షాపు ఉంది, ధాబా ఉంది, పాన్ డబ్బా ఉంది.

1850లో ఫ్రాన్స్‌లో ఫ్రెడెరిక్ బాస్టియా అనే ఆయన ఇదే విషయం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. కిటికీ అద్దం పగిలితే అద్దాలాయనకి పని దొరికింది, ఊరికి మంచిదే కదా అంటారు జనం. కానీ అద్దం పగలకపోతే ఆ డబ్బుతో ఇంటాయన చెప్పులు కొనుక్కునేవాడు. ఆ చెప్పులాయన నష్టం మనకి కనపడదు. కనపడేది చూసి, కనపడనిది మర్చిపోవద్దు అంటాడు. చిరాగ్‌పల్లి లైన్‌లో కనపడేది 12,000 చాయ్ గిరాకీ. కనపడనిది 1,80,000.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. సీఎస్టీ పోయింది. రాష్ట్రం దాటిన సరుకు మీద ఐజీఎస్టీ, కట్టిన పన్ను తర్వాతి వ్యాపారికి క్రెడిట్‌గా వస్తుంది కాబట్టి పన్ను మీద పన్ను పడదు. సరుకు చివరికి ఎక్కడ వాడారో ఆ రాష్ట్రానికి వాటా పోతుంది. ఇంక బార్డర్‌లో లారీని ఆపి వాణిజ్య పన్నుల శాఖ చూసేది ఏముంది? జీఎస్టీ మొదలైన మూడు రోజుల్లోనే 22 రాష్ట్రాలు తమ వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశాయని కేంద్రం ప్రకటించింది. తర్వాత 2018 ఏప్రిల్ 1 నుంచి అంతర్రాష్ట్ర సరుకుకి ఈ-వే బిల్లు. విలువ 50,000 దాటితే బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. లైన్ ఫోన్‌లోకి వచ్చింది. సింక్రనస్ కాస్తా అసింక్రనస్ అయింది. రవాణా శాఖ తనిఖీలు వేరే కాబట్టి అవి ఇంకా కొన్నేళ్ళు ఉన్నాయి. 2025 అక్టోబర్‌లో తెలంగాణ తన రవాణా శాఖ చెక్‌పోస్టులు కూడా మూసేసింది.

సూపర్ కదా? దేశానికి లాభం. లెక్క ప్రకారం 12,000 పోయి 1,80,000 మిగిలింది. మెఫా పరీక్షలో అయితే ఇక్కడితో ఆన్సర్ రాసేసి వచ్చేయొచ్చు.

నేను మాత్రం ఇక్కడే ఆగిపోయాను. బాస్టియా చూపించని ఇంకో లెక్క ఉంది. ఆ 1,80,000 లాభం ఎవరికి చేరింది? మన లారీలో 3000 దుప్పట్లు ఉన్నాయనుకోండి. లారీకి మిగిలిన 600 రూపాయలు దుప్పట్లకి పంచితే, ఒక్కో దుప్పటికి 20 పైసలు. ఆ 20 పైసలూ పూర్తిగా మీకు చేరినా మీరు గమనించరు. అటువైపు చాయ్ అన్న? రోజుకి 1200 గిరాకీ మొత్తం పోయింది. ఆయనకది 20 పైసలు కాదు, పిల్ల కాలేజీ ఫీజు.

లాభం వెయ్యి ముక్కలై లక్షల మందికి పోయింది. నష్టం ఒక్క ముద్దై పది బండ్ల మీద పడింది. మొత్తం మీద లాభమే అని ఎకనామిక్స్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. కానీ 'మొత్తం మీద' అనే మనిషి ఎక్కడా ఉండడు. ఉండేది మీరు, నేను, చాయ్ అన్న.

ఎకనామిక్స్‌లో దీనికి ఒక పద్ధతి ఉంది. ఒక మార్పు వల్ల గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళకి నష్టం కట్టిచ్చి కూడా ఇంకా లాభంలో ఉండగలిగితే ఆ మార్పు మంచిదే అంటారు. కాల్డార్, హిక్స్ అనే ఇద్దరి పేర్లతో పిలుస్తారు. చూశారా, మన కల్దార్ కాదు, ఈయన ఇంగ్లండ్‌లో ఉన్న ఎకనామిస్ట్. ఇక్కడ మెలిక ఏంటంటే, కట్టివ్వ'గలిగితే' చాలు అంటుంది ఆ పద్ధతి. నిజంగా కట్టివ్వాలి అనదు.

జీఎస్టీలో ఒకరికి నిజంగానే కట్టిచ్చారు. ఎవరికి? రాష్ట్రాలకి. పన్ను ఆదాయం తగ్గుతుందని రాష్ట్రాలు భయపడ్డాయి. 2015-16 ఆదాయాన్ని ఆధారంగా తీసుకుని, ఏటా 14 శాతం పెరుగుతుందని లెక్కేసి, తగ్గిన మేరకు ఐదేళ్ళు పరిహారం ఇస్తామని 2017లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. 2022 జూన్ దాకా ఆ గడువు నడిచింది. అంటే నష్టపోయినవాళ్ళకి పరిహారం ఇవ్వాలన్న ఆలోచన లేక కాదు. కౌన్సిల్‌లో కుర్చీ ఉన్నవాళ్ళకి ఆ ఆలోచన అందింది. రోడ్డు పక్క స్టూల్ మీద కూర్చున్నవాళ్ళ దాకా రాలేదు.

దీనర్థం చెక్‌పోస్ట్ ఉండాల్సింది అని కాదు. అద్దాలు పగలగొట్టి పని పుట్టించొద్దు. డ్రైవర్ అన్నని నాలుగు గంటలు ఎండలో నిలబెట్టి చాయ్ అమ్మడం న్యాయం కాదు, ఆ డ్రైవర్ ఇంట్లోనూ ఫీజు కట్టాల్సిన పిల్లలుంటారు. నేననేది ఒక్కటే: మంచి మార్పుకి కూడా బిల్లు ఉంటుంది, ఆ బిల్లు ఎవరి చేతిలో పెట్టామో చూడాలి.

చివరగా, బార్డర్ పూర్తిగా పోయిందా? లేదు. పెట్రోల్, డీజిల్ జీఎస్టీలో లేవు. తాగే మందూ లేదు. తెలంగాణలో పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. కర్ణాటకలో అంతకంటే తక్కువ. లీటరుకి 4 రూపాయల తేడా అనుకుంటే, 300 లీటర్ల ట్యాంకుకి 1200 రూపాయలు. గుర్తుపట్టారా? చాయ్ అన్న పోగొట్టుకున్న ఒక రోజు గిరాకీ అంత! హైదరాబాద్ నుంచి పోయే డ్రైవర్ ట్యాంక్ ఎక్కడ నింపుతాడో మీరే చెప్పండి. అటువైపు కేఏ 38 బండి, ఇటువైపు టీజీ 15 బండి, రెండూ ఒకే బంకు ముందు నిలబడతాయి. ధర తేడా ఉన్న చోటికి జనం కదలడాన్ని ఆర్బిట్రేజ్ అంటారు. లైన్ చెక్‌పోస్ట్ దగ్గర పోయి బంకు దగ్గరికి వచ్చింది. అక్కడ చాయ్ బండి పెట్టుకున్న తెలివైన అన్న ఎవరైనా ఉంటే, ఆయనకి మెఫాలో నూటికి నూరు మార్కులు వెయ్యాలి.

ఈసారి ఆ దుప్పటి కప్పుకున్నప్పుడు ఒక్కసారి ఆలోచించండి. మీ తాతల కాలంలో అది కరోడ్‌గిరి నాకా దాటి, కల్దార్ నుంచి హాలీలోకి మారి వచ్చింది. మీ నాన్న కాలంలో చిరాగ్‌పల్లి లైన్‌లో రాత్రంతా నిలబడి వచ్చింది. ఇప్పుడు ఆగకుండా వస్తుంది. మధ్యలో మిగిలిన ఆ 20 పైసల్లో ఎవరో ఒకరి చాయ్ గ్లాసు ఉంది.

మీ ఊళ్ళో కూడా ఇట్లాంటిది ఒకటి ఉండే ఉంటుంది. బైపాస్ పడ్డాక ఖాళీ అయిన బస్టాండ్, ఆన్‌లైన్ వచ్చాక మూతపడ్డ జిరాక్స్ సెంటర్. ఈ ఆదివారం అక్కడికి పోండి, ఒక చాయ్ తాగండి, 'అన్నా, అప్పుడు గిరాకీ ఎట్లుండె?' అని అడగండి. ఏ సిలబస్‌లో లేని పాఠం అక్కడ దొరుకుతుంది. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.